చక్రానికి మళ్ళీ కొత్త కొలతా?

మొన్న ఒక ఆదివారం పొద్దున్నే నేను సైకిలు దుకాణానికి వెళ్ళాను. నవ్వకండి. ఈ వయసులో సైకిలు నేర్చుకోవాలన్న సరదా నాకేమీ పుట్టలేదు. మా అమ్మాయి సైకిలుకి టైరు కావాలి. ఆ పిల్లకి ఆఫీసు పని తెమలదు, వాళ్ళ నాన్నగారికి పేపరు తెమలదు. ఎలాగూ కూరలకి వెళుతున్నాను కదా అని చీటీలో వంకాయలు, కొత్తిమీర, అల్లం అని రాసుకుని కింద '26 టైరు' అని కూడా రాసుకున్నాను.

వీధి చివర దుకాణం అతను "ఎవరి సైకిలుకమ్మా?" అన్నాడు.

"మా అమ్మాయి సైకిలుకి నాయనా. 26."

అతను మారుమాట లేకుండా లోపలికెళ్ళి టైరు తెచ్చి నా చేతికి తగిలించాడు. దాని మీద 26 అనే ఉంది. నేను కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి రిమ్ముకి ఎక్కించబోతే, పెద్దకోడలి గాజు చిన్నకోడలి చేతికి వేసినట్టు వదులుగా వేలాడింది. చుట్టూ వేలు దూరేంత సందు.

"అమ్మా, ఇది లేడీస్ సైకిలు టైరు. నాది మౌంటెన్ బైకు" అంది నెత్తి కొట్టుకుంటూ.

తప్పు ఎవరిదంటారు? 'అమ్మాయి సైకిలు' అన్నాను కనక అతను లేడీస్ సైకిలు టైరిచ్చాడు. నేను 26 అడిగాను, అతను 26 ఇచ్చాడు. అబద్ధం ఆడిందల్లా ఆ అంకె ఒక్కటే. వెనక్కి పట్టుకెళితే, ఒకసారి గడప దాటిన టైరు వాపసు తీసుకోమన్నాడు. పెళ్ళికూతురి విషయంలో పూర్వం అనేవారు అలాంటి మాట.

ఆ రోజు నుంచి నాకు పట్టుదల వచ్చింది. చక్రం అంటే గుండ్రంగా ఉంటుందనీ తిరుగుతుందనీ తప్ప మరేమీ తెలియని నేను దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వాను. తవ్విన కొద్దీ ఒళ్ళు మండింది. ఆ మంట చల్లార్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ అంకెల సంగతి. 26 అంగుళాలు అంటే టైరు తొడిగిన చక్రం పై కొలత, అదీ ఉజ్జాయింపుగా. టైరు లావును బట్టి లోపలి రిమ్ము ఎంతైనా ఉండొచ్చు. టైరు అంచు రిమ్ములో కూర్చునేచోట అడ్డకొలత తీస్తే అసలు రంగు బయట పడుతుంది. మౌంటెన్ బైకు 26కి అది 559 మిల్లీమీటర్లు. లేడీస్ సైకిలు 26కి 590. పేరు ఒకటే, తేడా 31 మిల్లీమీటర్లు. ఇంకా చిత్రం వినండి. ఇప్పుడు మహా పెద్ద చక్రం అని అమ్ముతున్న 29 అంగుళాల మౌంటెన్ బైకు రిమ్ము 622 మిల్లీమీటర్లు. మా నాన్నగారు స్కూలుకి వెళ్ళొచ్చిన నల్ల సైకిలు ఉందే, వెనక క్యారేజీ, ముందు డైనమో దీపం, దానిది 28 అంగుళాలు. దాని రిమ్ము 635! అంటే 28 అనేది 29 కన్నా పెద్దది. ఒకటో తరగతి పిల్లాడు ఇలా లెక్క చెబితే గోడకుర్చీ వేయిస్తాం కదా?

ఇక కథ. కొండల మీద సైకిలు తొక్కడం అనే ఈ వినోదం అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పుట్టింది. అక్కడ టమాల్పయస్ అనే కొండ ఉంది. 1970లలో కొందరు కుర్రకారు పాత సైకిళ్ళు పోగేసి, ఆ కొండల్లో మట్టి దారుల వెంట కిందికి దూకించేవారు. 1976లో పందేలు మొదలుపెట్టారు. ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఎందుకంటే పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటివి. కిందికి దిగేసరికి హబ్బులో ఉన్న గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరితే గాని మరుసటి పందానికి పనికి రాదు. ఆ మగపిల్లల మధ్య వెండీ క్రాగ్ అనే ఆవిడ తానూ అంత బరువు సైకిలూ తొక్కింది, కెమెరా పట్టుకుని వాళ్ళ ఫొటోలూ తీసింది. ఆనాటి సంగతులు ఈనాడు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాయంటే చాలామట్టుకు ఆవిడ చలవే. చరిత్ర రాసేటప్పుడు మాత్రం గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, టామ్ రిచీ అని మగవాళ్ళ పేర్లు ముందు వస్తాయి. సరే, అది మనకి కొత్తా?

అసలు మాట ఏమిటంటే, వాళ్ళ సైకిళ్ళకి 26 అంగుళాల చక్రాలు ఎందుకున్నాయి? ఎవరైనా కూర్చుని కొండకి ఏ చక్రం మంచిదో పరిశోధించారా? లేదు. ష్విన్ కంపెనీ 1933లో అమెరికాలో పిల్లలు తొక్కుకునే సైకిళ్ళకి లావుపాటి బెలూన్ టైర్లు పెట్టింది. అవి 26 అంగుళాలవి. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిన ఆ సైకిళ్ళనే ఈ కుర్రాళ్ళు కొండెక్కించారు. 1977లో జో బ్రీజ్ కొండ కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టినా, దొరికే లావు టైరు అదే కనక చక్రం అదే ఉంచాడు. 1981లో స్టంప్‌జంపర్ అని కొట్లో అమ్మే సైకిలు వచ్చినా అదే. అలా ఇంట్లో ఉన్న గిన్నెతో బియ్యం కొలిచినట్టు మొదలైనది ముప్ఫై ఏళ్ళపాటు లోకానికంతకీ శాసనమై కూర్చుంది.

కాబట్టి పాతదంతా బంగారం అనే వాదన నేను చెయ్యను. 1999లో డబ్ల్యూటీబీ కంపెనీ నానోరాప్టర్ అనే లావు టైరు తెచ్చింది, పెద్ద రిమ్ముకి సరిపోయేది. అక్కణ్ణుంచి 29 అంగుళాల మౌంటెన్ బైకు నిలదొక్కుకుంది. అప్పుడే నేను ఈ వ్యాసం రాసి ఉంటే, ఇదేం చోద్యం, ఉన్నది చాలదా అని ఉందును. తప్పయ్యేది. పెద్ద చక్రంలో నిజమైన సుఖం ఉంది. మీరు రైలు ప్లాట్‌ఫారం మీద చక్రాల పెట్టె లాగారుగా? చిన్న చక్రం ప్రతి పగుల్లోనూ పడి మొరాయిస్తుంది. ఎడ్లబండి చక్రం అదే రాయిని పట్టించుకోకుండా ఎక్కి దిగిపోతుంది. చక్రం పెద్దదైతే రాయి దానికి తక్కువ వాలుగా తగులుతుంది. అంతే కిటుకు. పైగా ఆ 622 రిమ్ము కొత్తగా పుట్టించిందేమీ కాదు. రోడ్డు పందేల సైకిళ్ళకి ఏనాటి నుంచో ఉన్నదే. అటక మీది గంగాళం కిందికి దించి తోమి వాడుకున్నారు. శభాష్ అందాం.

నాకు కోపం వచ్చింది ఆ తర్వాతి దాని మీద. 2007 ప్రాంతాల్లో 27.5 అని ఒకటి బయల్దేరింది. ఇదీ పాతదే, ఫ్రెంచివాళ్ళు వాడిన 650బి. రిమ్ము 584 మిల్లీమీటర్లు. 26కీ 29కీ సరిగ్గా నడిమధ్యన ఉంది, ఇద్దరి సుగుణాలూ దీన్లోనే ఉన్నాయి అని ఊదరగొట్టారు. ఇందాకటి అంకెలు మళ్ళీ చూడండి. 559 నుంచి 584కి తేడా 25 మిల్లీమీటర్లు, అంటే ఒక్క అంగుళం. 584 నుంచి 622కి 38. మధ్య ఎక్కడుందండీ? పేరులో అంగుళంన్నర పెంచి, ఒంట్లో అంగుళం పెంచారు. మనం జాకెట్టు కుట్టించుకుంటే టైలరు ఇలా చేస్తే ఊరుకుంటామా?

2012లో నీనో షుర్టర్ అనే స్విట్జర్లాండు వీరుడు దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్పు పందెం 27.5 మీద గెలిచాడు. ఇంకేం, కంపెనీలకి సందు దొరికింది. అదే ఏడు లండన్ ఒలింపిక్సులో 29 మీద వచ్చిన చెక్ దేశస్థుడు కుల్హావీ ఆయన్ని ఓడించాడన్నది మాత్రం ఎవరూ పెద్దక్షరాల్లో రాయలేదు. 2013, 14 వచ్చేసరికి దుకాణాల్లో మంచి రకం 26 సైకిళ్ళు మాయం. మా అమ్మాయి మొదటి జీతాలు కూడబెట్టి సైకిలు కొనుక్కుంది సరిగ్గా 2012లో! అలా ఉంటుంది మా అదృష్టం. ఇక ఆ షుర్టర్ 2016 రియో ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచింది దేని మీదనుకున్నారు? 29 మీద. 27.5 కూడా పట్టుమని పదేళ్ళు రాజ్యం చెయ్యలేదు. 26ని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, తానూ వసారాలోకి చేరింది. 2019లో పందేల్లో ముందొక కొలత, వెనకొక కొలత చక్రాలకి అనుమతిచ్చారు. ముందు 29, వెనక 27.5. ఇప్పుడది ఎక్కువగా కనిపించేది అలా వెనకసీట్లోనూ, చిన్న ఫ్రేముల్లోనూ.

పోనీ చక్రం ఒక్కటే మారితే సరిపెట్టుకుందుము. చక్రం పెద్దదయ్యేసరికి పుల్లలు నిటారుగా అయి చక్రం వణుకుతోందన్నారు. అందుకని వెనక హబ్బు వెడల్పు 142 నుంచి 148కి పెంచారు, ముందుది 100 నుంచి 110కి. దానికి బూస్టు అని పేరు. పిల్లల పాలల్లో కలిపే పొడి పేరులా లేదూ? హబ్బు వెడల్పయితే ఫ్రేము మారాలి, ఫోర్కు మారాలి, పెడళ్ళ దగ్గర పళ్ళచక్రం మూడు మిల్లీమీటర్లు బయటికి జరగాలి. కొత్తకోడలి కోసం మంచం మార్చి, మంచం పట్టదని గది మార్చి, చివరికి ఇల్లే మార్చినట్టు.

ఇదంతా నాకు అర్థమైంది రెండో దుకాణంలో. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడకి వేలాడే సైకిళ్ళు. మా అమ్మాయీ నేనూ వెళ్ళాం. ఒక కుర్రాడు జాలిగా చూసి, "26 ఇప్పుడెవరు వాడుతున్నారు ఆంటీ? మామూలు టైరు ఎక్కడైనా దొరుకుతుంది గానీ, కొండ మీద పట్టు ఉండే రకం రాదు. ముందు ఫోర్కు కూడా పోయినట్టుంది, దానికి జోడీ దొరకదు. 29 తీసేసుకోండి" అన్నాడు. ధర అడిగాను. అతను చెప్పింది విని, పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

అమ్మాయి ఊరికే ఎక్కి చూసింది. మా అమ్మాయి ఎత్తు 152 సెంటీమీటర్లు. మా వంశంలో అది పొడుగే. వాళ్ళ దగ్గరున్న అతి చిన్న ఫ్రేమే అది. అయినా హ్యాండిల్ బారు ఛాతీ దాకా వచ్చింది. మలుపు తిప్పితే బూటు ముందుచక్రానికి తగులుతోంది. "కొండ దిగేటప్పుడు సీటు వెనక్కి జరిగి కూర్చోవాలమ్మా, ఈ వెనక టైరు నన్ను గీరేస్తుంది" అంది. ఆ కుర్రాడు "అలవాటవుతుంది మేడం" అన్నాడు.

అలవాటవుతుంది! ఈ మాట మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. చెప్పుల కొట్లో విన్నాం, అందని అలమరా ముందు ముని వేళ్ళ మీద నిలబడి విన్నాం, బస్సులో పైన పట్టుకునే కడ్డీకి వేలాడుతూ విన్నాం. మా చిన్నప్పుడు అద్దె సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కి మోచిప్పలు పగలగొట్టుకున్న తరం మాది. వస్తువు ఎవరి ఒంటికి కుట్టారో వాళ్ళకి సుఖం, తక్కినవాళ్ళకి అలవాటు.

ఇప్పుడు నేను ఈ కలం పట్టడానికి తక్షణ కారణం చెబుతాను. 29తో ఆగలేదు. 2025లో 32 అంగుళాల మౌంటెన్ బైకులు ప్రదర్శనలకి వచ్చాయి. రిమ్ము 686 మిల్లీమీటర్లు. అటువంటి చక్రం అంతకు ముందు ఒంటిచక్రం సైకిలు తొక్కేవాళ్ళ దగ్గర ఉండేది. టైరు టైరులాగే లావుంటే, చక్రం నెత్తి 29 కన్నా 64 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు పైకి లేస్తుంది. ఆ నెత్తి మీద ఫోర్కు మెడ ఉండాలి, దాని మీద హ్యాండిల్ బారు ఉండాలి. ఇందాక ఛాతీ దాకా వచ్చిన బారు ఇప్పుడెక్కడికి వస్తుందో మీరే ఊహించుకోండి.

దీన్ని సమర్థించేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి 29 కూడా బొమ్మ సైకిలులా ఉంటుంది, వాడి సుఖం వాడిది, నీకేం నొప్పి అని. న్యాయమే. వాడు సుఖంగా తొక్కుకోవాలని నేనూ కోరుకుంటాను. 32 పెట్టండి, కావలిస్తే 36 పెట్టండి. కానీ ఒక కొలత కొత్తగా వచ్చిందంటే దానికి టైరు కావాలి, ట్యూబు కావాలి, రిమ్ము, పుల్లలు, ఫోర్కు, ఫ్రేము అన్నీ వేరే కావాలి. ఫ్యాక్టరీలో అచ్చులు వేరే పోయాలి. దుకాణం గోడ మాత్రం పెరగదు. కొత్తది వేలాడదీయాలంటే ఒక పాతదాన్ని కొక్కెం నుంచి తియ్యాలి. ఎవరిది తీస్తారు? ఖరీదైనది కొనేవాడిది తియ్యరు. పొట్టివాళ్ళదీ, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకునేవాళ్ళదీ తీస్తారు. 26 విషయంలో జరిగింది అదే. 'కలుపుతున్నాం' అని మొదలుపెట్టి 'మార్చేశాం' అని ముగించారు. ఈసారి అలా జరగదని నమ్మమంటే ఎలా నమ్మను?

అందుకని, కొత్త కొలత అవసరమా అని నన్నెవరైనా అడిగితే (ఎవరూ అడగరనుకోండి) వద్దనే అంటాను. ఎప్పటికీ వద్దనను. ముందు అమ్మినదానికి టైరూ రిమ్మూ ఫోర్కూ ఇన్నేళ్ళపాటు అమ్ముతామని రాసి సంతకం పెట్టి, అప్పుడు కొత్తది తెమ్మనండి. 29 వచ్చినప్పటిలాగా మనిషికి తేడా తెలిసేంత లాభం ఉందో లేదో, ఆరడుగుల పందెగాణ్ణే కాక అయిదడుగుల ఆడమనిషిని కూడా ఎక్కించి చూసి చెప్పమనండి. అంగుళానికి అంగుళంన్నర అని పేరు పెట్టడం మానమనండి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావే.

"సైకిలు గొడవ మనకెందుకే, వంటింటి సంగతులు రాసుకోక" అన్నారు మావారు పేపరు మడుస్తూ. వంటింటి సంగతే ఇది. మా ఇంట్లో ఇరవై రెండేళ్ళ నాటి ప్రెషరు కుక్కరు ఉంది. వొళ్ళు దిటవుగా ఉంది, అడుగు మాడలేదు. దాని రబ్బరు గాస్కెట్టు మాత్రం ఇప్పుడు రావడంలేదు. మిక్సీ జారు కింద పళ్ళచక్రం ఒక మోడలుది ఇంకో మోడలుకి పట్టదు. చెడిపోని వస్తువుని చెడిపోయినట్టు పారేయించడం ఎలాగో నేర్చిన చెయ్యే చక్రం మీద కూడా పడింది. గాస్కెట్టు దొరక్క కుక్కరు పారేసిన ప్రతి ఇల్లాలికీ ఈ విషయంలో మాట్లాడే హక్కుంది. ఇంతకన్నా చదువు అక్కర్లేదు.

మీ పిల్లలకి సైకిలు కొనేటప్పుడు ఒక్క పని చెయ్యండి. టైరు పక్కన చిన్నక్షరాల్లో రెండు అంకెలు ఒక గీతతో అచ్చువేసి ఉంటాయి, 54-559 అన్నట్టు. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము కొలత, రెండూ మిల్లీమీటర్లలో. అంగుళాలు అబద్ధమాడినా ఆ రెండో అంకె ఆడదు. దాన్ని చీటీ మీద రాసుకుని వెళ్ళండి. 26 అని వెళితే నాలాగే తిరిగొస్తారు.

మా అమ్మాయి సైకిలు సంగతా? నాలుగు దుకాణాలు తిరిగి, పాతబస్తీలో ఒక ముసలాయన దగ్గర 559 టైర్లు పట్టాం, ముళ్ళున్న మంచి రకమే. పెట్టెలో అడుగున ఉండిపోయాయట. రెండు కావాలని వెళ్ళినదాన్ని ఆరు కొన్నాను. ఫోర్కు ఆయనే విప్పి, కడిగి, సీళ్ళు మార్చి ఇచ్చాడు. "దీనికేమైందమ్మా, ఇంకో పదేళ్ళు పోతుంది" అన్నాడు. వచ్చే ఆదివారం స్నేహితులతో వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలకి వెళుతోంది. మిగిలిన నాలుగు టైర్లూ అటక మీద ఆవకాయ జాడీల పక్కన, పాతచీరలో చుట్టి పెట్టాను.

మొదట కొన్న ఆ 590 టైరు, మా పనమ్మాయి కూతురి స్కూలు సైకిలుకి అతికినట్టు సరిపోయింది.